దున్నేవాని భూమి, నడిచేవాని భూమి

1

సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారికి భూమి అన్న మాటకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. భూమి అంటే నాగలి సాగే నేల. ఆ నేల మనదనడానికి సాక్ష్యం పహాణీలో పేరు. ఆ పేరు కోసమే 1946 నుంచి 1951 దాకా ఇక్కడి పల్లెలు నెత్తురు ధారపోశాయి. వెట్టిచాకిరీకి, దొరల గడీలకు, నిజాం పాలనకు ఎదురు నిలిచిన ఆ పోరాటం పది లక్షల ఎకరాలు పంచిందని ఉద్యమ చరిత్రలు చెబుతున్నాయి. ‘దున్నేవానికే భూమి’ అన్న నినాదం మాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఇంట్లో ముసలివాళ్ల నోటినుంచి వచ్చింది. మన అభ్యుదయ సాహిత్యం కూడా ఆ నినాదం నీడలోనే పెరిగింది. కథలో రైతు ఉంటే నాగలి ఉంటుంది, కవితలో భూమి ఉంటే చాలు ఉంటుంది.

ఆ తరువాత నీళ్లొచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్ట చేలు మాగాణులయ్యాయి. జొన్నలు, సజ్జలు పండిన నేలలో వరి పండింది. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు లేచాయి. భూమికి ధర పెరిగింది, పట్టాకు విలువ పెరిగింది, తగాదాలు కూడా పెరిగాయి. భూమి అంటే సాగుభూమి అన్న మా నమ్మకం మరింత గట్టిపడింది.

అయితే ఆ నీరు మా పొలానికి చేరేముందు ఒక అడవి అంచున నిలిచి వస్తుంది. శ్రీశైలం దిగువన కృష్ణ నల్లమల కొండల నడుమ లోయలో పారుతుంది. సాగర్ జలాశయం కూడా ఆ కొండల మధ్యకే విస్తరించి ఉంది. ఆ నల్లమలలో చెంచులుంటారు. వారు తరతరాలుగా అక్కడే ఉన్నారు. కాని వారు దున్నలేదు. నాగలి పట్టనివాడికి భూమి మీద హక్కు ఉంటుందా? ఉంటే ఆ హక్కును ఏ కాగితం మీద, ఏ మాటలతో రాయాలి? ఈ ప్రశ్నకు చట్టం ఏం జవాబు చెప్పిందో, సాహిత్యం ఏం జవాబు చెప్పిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రెండు జవాబులూ మనం అనుకున్నంత వేరుగా లేవన్నది నా అభిప్రాయం.

2

చెంచుల ఆవాసాన్ని పెంట అంటారు. అప్పాపూర్, మేడిమల్కల, భౌరాపూర్ వంటి పెంటలు అమ్రాబాద్ పీఠభూమి మీద అడవి లోపల ఉన్నాయి. పైనుంచి చూసేవారికి పెంట అంటే పది పదిహేను గుడిసెలు. అదే చెంచుల భూమి అనుకుంటే అక్కడే పొరపాటు మొదలవుతుంది. గుడిసెలున్న చోటు నిద్రపోయే చోటు మాత్రమే. గడ్డలు తవ్వే చోటు వేరు, తేనె తీసే కొండచరియ వేరు, ఎండాకాలంలో నీరు దొరికే చెలమ వేరు, ఇప్పపువ్వు రాలే చోటు వేరు. ఈ చోట్లన్నిటినీ కలిపే కాలిబాటలు వారి భూమి. 1940లో చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేసిన హైమండార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథంలో ఒక్కొక్క చెంచు సమూహానికి తనదైన మేర ఉండడాన్ని వివరించాడు. ఆ మేరకు కంచె లేదు, హద్దురాయి లేదు. కాని ఏ వాగు దాటితే ఎవరి మేరలోకి వెళతామో అందరికీ తెలుసు.

కొండచరియకు వేలాడి తేనెపట్టు తీసేటప్పుడు పైన తాడు పట్టుకునేవాడు భార్య అన్నో తమ్ముడో అయి ఉండాలన్నది చెంచుల ఆచారమని చెబుతారు. అక్కచెల్లెలి పసుపుకుంకుమలు కోరేవాడు తాడు వదలడని నమ్మకం. సంతకం లేని ఒప్పందం అది. వేలిముద్ర కూడా లేదు. కాని దాని మీద ఒక మనిషి ప్రాణం వేలాడుతుంది. లిపి లేని సమాజంలో ఒప్పందం లేదనీ, హద్దు లేని చోట హక్కు లేదనీ అనుకునేవారు ఈ తాడును గురించి ఆలోచించాలి.

ఆ మేరల్లోనే దేవతలున్నారు. వేటకూ అడవికీ అధిదేవత గారెల మైసమ్మ. కొండ గుహల్లో లింగమయ్య. శ్రీశైలం మల్లన్న చెంచుల ఆడపడుచును పెళ్లాడిన అల్లుడు. నల్లమల లోయలో జలపాతం పక్కన గుహలో ఉన్న సలేశ్వరం లింగమయ్యకు చైత్ర పౌర్ణమికి జాతర జరుగుతుంది. పూజారులు చెంచులే. ఏడాది పొడుగునా మూసి ఉండే ఆ అడవి దారి జాతర రోజుల్లో తెరుచుకుంటుంది. ఎన్ని రోజులు తెరవాలో, పొద్దున ఎన్నింటికి వదలాలో, సాయంత్రం ఎన్నింటికి వెనక్కి పంపాలో నిర్ణయించేది అటవీ శాఖ. సాధారణంగా నాలుగైదు రోజులు సాగే జాతరను 2023లో మూడు రోజులకు కుదించారు. జాతర ఎప్పుడన్నది పౌర్ణమి చెబుతుంది, ఎన్నాళ్లన్నది ఉత్తర్వు చెబుతుంది. చెంచు పూజారి ఈ రెంటికీ మధ్య నిలబడ్డాడు.

3

ఈ స్థితి ఒక్కనాడు వచ్చింది కాదు. దీని వెనుక నూటనలభై ఏళ్ల కాగితాల చరిత్ర ఉంది.

కృష్ణకు దక్షిణాన కర్నూలు నల్లమల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ అడవిని రిజర్వు చేసే పద్ధతిని నిర్ణయించింది. ప్రభుత్వం ప్రకటన వేస్తుంది. ఆ అడవిలో తమకు హక్కులున్నాయనుకునేవారు గడువులోగా సెటిల్మెంటు అధికారి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోని హక్కు రద్దవుతుంది. చూడడానికి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. అందరికీ అవకాశమిచ్చారు కదా! కాని ప్రకటన చదవడానికి చదువు కావాలి. హక్కు చెప్పుకోవడానికి, నాకు తప్ప మరొకరికి చెందని ముక్క ఇదీ అని చూపించగలగాలి. తరతరాలు నడిచిన బాటను అధికారి ముందు ముక్కగా ఎలా చూపిస్తారు? ఆ విధంగా హక్కు పోయి రాయితీ మిగిలింది. హక్కు మనిషితో పుడుతుంది, రాయితీ అధికారి దయతో వస్తుంది. అధికారి మారితే రాయితీ కూడా మారుతుంది.

అంతకుముందు ఇదే చెంచులు శ్రీశైలం యాత్రికులకు అడవి దారుల్లో కావలి కాసి రుసుము తీసుకునేవారని బ్రిటిష్ కాలపు వివరణలు చెబుతున్నాయి. అంటే, తమ మేరలోకి వచ్చే పరాయివాడిని దాటించే అధికారం ఒకప్పుడు వారిదే. యాత్రికుడు చెంచును అడిగి వెళ్లేవాడు. నేడు చెంచు యాత్రికుడితో పాటు చెక్‌పోస్టు దగ్గర నిలబడుతున్నాడు. వలస పాలన చేసిన పనిని ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను ఈ వాక్యమే చెబుతాను.

కృష్ణకు ఉత్తరాన నిజాం రాజ్యం. అక్కడ కూడా అటవీ చట్టాలు వచ్చాయి. కాని ఒక చిన్న విశేషం జరిగింది. యుద్ధకాలంలో హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లడానికి వీలులేని స్థితిలో ఉన్న ఆస్ట్రియా పండితుడు హైమండార్ఫ్ చేసిన సిఫారసు మీద, 1940ల తొలి సంవత్సరాల్లో ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమిలో సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా కేటాయించింది. దున్నని జనానికి దున్నని భూమిని కేటాయించడం మన చరిత్రలో అరుదైన విషయం. అయితే దీన్ని చూసి నిజాం ఔదార్యాన్ని పొగడవలసిన అవసరం లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపిన ప్రభుత్వమే అది. ఆదివాసి తిరగబడితే ఏమవుతుందో చూసిన తరువాత వచ్చిన వివేకం అది. భీం రక్తం ఆదిలాబాద్‌లో చిందింది. ఆ భయంలో కొంత భాగం నల్లమలకు రక్షణగా మారింది. పై నుంచి వచ్చే ప్రతి రాయితీ వెనుకా కింద ఎక్కడో ఒక తిరుగుబాటు ఉంటుంది.

మా ప్రాంతానికి నల్లమలతో సంబంధం సరిగ్గా ఇక్కడే కలుస్తుంది. 1948 సెప్టెంబర్ తరువాత కేంద్ర సైన్యాల దాడి పెరిగినప్పుడు నల్లగొండ మైదానాల్లోని గెరిల్లా దళాలు గోదావరి అడవులకు, కృష్ణా తీరంలోని నల్లమలకు తరలాయి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ అడవి ప్రాంతాల ప్రస్తావన ఉంది. గోదావరి వైపు కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని ఒకచోట చేర్చి కాపలా పెట్టారు. దళాలకు అన్నం పెట్టారన్న అనుమానానికి అడవి జనం చెల్లించిన మూల్యం అది. మైదానపు రైతు పోరాటం అడవిని ఆశ్రయంగా వాడుకుంది. కాని అడవి మనిషికి భూమి అంటే ఏమిటన్న ప్రశ్న ఆ పోరాటం ముందుకు పూర్తి రూపంలో రాలేదు. బంజరు పంచాలన్నాం. నాగలి పడని నేల అంతా మన కంటికి బంజరే. ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియాలో అడుగుపెట్టి ఆ ఖండాన్ని ఎవరిదీ కాని నేలగా భావించారు. ఆ సిద్ధాంతాన్ని అక్కడి హైకోర్టు 1992లో మాబో కేసులో కొట్టివేసింది. ఎవరిదీ కాని నేల అన్నదానికీ బంజరు అన్నదానికీ ఉద్దేశంలో భూమ్యాకాశాల తేడా ఉంది. పేదవానికి పంచడానికి అన్నామే గాని దోచుకోవడానికి కాదు. కాని చూపులో ఉన్న పోలికను మనం ఒప్పుకోవాలి.

4

1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో పులుల ప్రాజెక్టులో చేర్చారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమయింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు దాని విస్తీర్ణం.

1972 చట్టంలో రెండు సెక్షన్లను సాహిత్య విద్యార్థి కూడా చదవాలి. ఇరవై ఏడవ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు వెళ్లవచ్చో చెబుతుంది. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి, లోపల నివసించడానికి అనుమతి పొందినవాడు, లోపల స్థిరాస్తి మీద హక్కున్నవాడు, ప్రజా రహదారి మీద వెళ్లేవాడు, వీరి మీద ఆధారపడినవారు. మిగిలినవారికి పర్మిట్ కావాలి. ఇరవై ఎనిమిదవ సెక్షన్ ఆ పర్మిట్ ఏ పనులకు ఇవ్వవచ్చో లెక్క చెబుతుంది. వన్యప్రాణుల పరిశీలన, ఫోటోగ్రఫీ, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల ఉన్నవారితో న్యాయమైన వ్యవహారం. ఆ జాబితాలో తాత సమాధి చూసుకోవడం లేదు. దేవతకు కోడిని ఇచ్చుకోవడం లేదు. ఫోటో తీసుకునేవాడికి చట్టంలో చోటు దొరికింది. లోపల పుట్టి, ఏ కారణం చేతనో బయట స్థిరపడిన చెంచు బిడ్డకు తన మైసమ్మ దగ్గరకు వెళ్లడానికి ఒక గడి దొరకలేదు. అధికారులు దయగలవారైతే వెళ్లనిస్తారు. చాలామంది వెళ్లనిస్తూనే ఉన్నారు. ఇక్కడి ప్రశ్న మంచి అధికారిని గురించి కాదు. మంచి అధికారి ఉంటే తప్ప సాగని బతుకును గురించి.

2006 అటవీ హక్కుల చట్టం ఈ చరిత్రలో మలుపు. గతంలో జరిగిన చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడం కోసమని తన పీఠికలోనే ఒప్పుకున్న చట్టం అది. మనం సాధారణంగా దాన్ని పోడు పట్టాల చట్టంగా చూస్తాం. పత్రికల్లో లెక్కలన్నీ ఎకరాల్లో వస్తాయి. ఎందుకంటే మళ్లీ మన కంటికి నాగలే కనిపిస్తుంది. కాని మూడవ సెక్షన్‌లో పట్టాకు అందని మాటలున్నాయి. సంచార, పశుపాలక సమూహాలు ఋతువును బట్టి అడవి వనరులను అందుకునే హక్కు ఉంది. ఆదిమ గిరిజన సమూహాలకు, వ్యవసాయానికి పూర్వ దశలో ఉన్న సమూహాలకు తమ ఆవాస ప్రాంతమంతటి మీద సామూహిక హక్కు ఉంది. అయిదవ సెక్షన్ ప్రకారం తమ సాంస్కృతిక, ప్రాకృతిక వారసత్వాన్ని దెబ్బతీసే పనులనుంచి ఆ ఆవాసాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. ఇవి ఇంటిస్థలానికో చెలకకో సంబంధించిన హక్కులు కావు. మేరకు సంబంధించిన హక్కులు. నడిచేవాని భూమిని మన చట్టం మొదటిసారి గుర్తుపట్టింది ఇక్కడే.

అయితే అదే మూడవ సెక్షన్ చివర, సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులన్నిటినీ గుర్తిస్తూ, వేటను మాత్రం మినహాయించింది. పులుల అడవిలో అది అర్థం చేసుకోదగిన మినహాయింపే. కాని గారెల మైసమ్మ వేట దేవత అన్నది మరచిపోకూడదు. దేవతను ఒప్పుకుని ఆమె పనిని రద్దు చేశారు.

చట్టం కాగితాన్ని దాటి ప్రాణం పోసుకున్న సందర్భం కూడా ఉంది. ఒడిశా నియమగిరిలో బాక్సైటు గనుల వివాదం మీద సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెబుతూ, డోంగ్రియా కోంధుల మతపరమైన, సాంస్కృతికమైన హక్కులకు గనుల వల్ల భంగం కలుగుతుందా అన్నది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ గని వద్దన్నాయి. నియమరాజు కొండ మిగిలింది. మధ్యప్రదేశ్‌లో బైగాలకు, ఒడిశాలో జువాంగులకు ఆవాస హక్కు పత్రాలు అందాయి. మన నల్లమలలో కూడా యురేనియం పేరు వినిపించినప్పుడు చెంచు పెంటలు, మైదానపు ఊళ్లు కలిసి కదిలాయి. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ ఉద్యమంలో ‘మా దేవుడి అడవి’ అన్న మాటా, ‘మా తాగునీళ్లు’ అన్న మాటా ఒకే సభలో వినిపించాయి. నడిచేవాడూ దున్నేవాడూ ఒకచోట నిలబడిన అరుదైన సందర్భం అది.

5

ప్రపంచంలో ఇలాంటి ఒప్పందాలు అనేక రూపాల్లో ఉన్నాయి. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఉలూరు అనే ఎర్రటి ఏకశిలా పర్వతాన్ని ప్రభుత్వం 1985 అక్టోబర్ 26న అనంగు ప్రజలకు తిరిగి అప్పగించింది. అప్పగించిన వెంటనే 99 ఏళ్లకు జాతీయ పార్కు కోసం లీజుకు తీసుకుంది. ఇది కూడా అసమాన ఒప్పందమే. లీజుకు ఇవ్వకపోతే పట్టా రాదు. కాని పార్కు పాలకమండలిలో అనంగులు అధిక సంఖ్యాకులయ్యారు. తమకు పవిత్రమైన ఆ రాతి మీదికి పర్యాటకులు ఎక్కవద్దని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. చివరకు 2019 అక్టోబర్ 26న ఎక్కడం నిషేధమయింది. ముప్పైనాలుగేళ్లు పట్టింది. అయినా ‘వద్దు’ అనే అధికారం వారి చేతికి వచ్చింది.

దీనికి ఎదురుగా అమెరికా ఉదాహరణ ఉంది. 1978లో అక్కడ ఆదివాసుల మతస్వేచ్ఛ చట్టం వచ్చింది. పవిత్ర స్థలాలకు వెళ్లే స్వేచ్ఛను గౌరవిస్తామని అందులో రాశారు. పదేళ్లు తిరక్కుండా 1988లో కాలిఫోర్నియాలో ఆదివాసుల పూజాస్థలాల మీదుగా అటవీ శాఖ రోడ్డు వేయవచ్చునని వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భూమి ప్రభుత్వానిది కాబట్టి దాన్ని ఎలా వాడుకోవాలో ప్రభుత్వ ఇష్టమన్నది సారాంశం. వెళ్లనిస్తామన్నారు గాని, వెళ్లేసరికి అక్కడ ఏం మిగిలి ఉంటుందో హామీ ఇవ్వలేదు. ఈ రెండు ఉదాహరణల మధ్య తేడాలోనే విషయమంతా ఉంది. ప్రవేశం ఇచ్చే ఒప్పందం వేరు, నిరాకరించే అధికారం ఇచ్చే ఒప్పందం వేరు. మొదటిది మనిషిని తన ఇంట్లో అతిథిని చేస్తుంది.

మన రాష్ట్రంలోనే రెండు చిత్రాలు చూడండి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశపు గోండులు నాగోబాను కొలుస్తారు. గోదావరి జలం కోసం కాలినడకన వెళ్లి వస్తారు. హైమండార్ఫ్ కాలంలో మొదలైన దర్బారుకు అధికారులు తామే వచ్చి కూర్చుంటారు. అదే ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో మరణించిన ఆదివాసుల స్తూపం ఉంది. ఆ తేదీన అక్కడికి వెళ్లి తమ మృతులకు దండం పెట్టుకోవడానికి గోండులకు చాలా ఏళ్లు ఆంక్షలు అడ్డం నిలిచాయి. దేవుడి దగ్గరకు రాజ్యం తానే వచ్చింది, అమరుల దగ్గరకు జనాన్ని రానివ్వలేదు. ఏ సంస్కృతికి దారి తెరవాలో, ఏ సంస్కృతికి మూయాలో రాజ్యానికి బాగా తెలుసు.

6

ఇప్పుడు సాహిత్యం దగ్గరకు వద్దాం. తెలుగు సాహిత్యానికి చెంచులు కొత్త కాదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం శ్రీశైల యాత్రను వర్ణిస్తుంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని వలచిన కథ యక్షగానంగా ఊరూరా ఆడింది, 1943లో ఒకసారి, 1958లో ఒకసారి సినిమాగా వచ్చింది. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో బోయ తిన్నడు శివునికి మాంసం నైవేద్యం పెట్టాడు. ఈ కథలన్నిటా ఒక పోలిక ఉంది. దేవుడు అడవికి వస్తాడు. అడవి పిల్లను పెళ్లాడతాడు, లేదా అడవి మనిషి భక్తికి మెచ్చుకుంటాడు. తరువాత కొండ దేవుడిదవుతుంది. దేవుడి నుంచి దేవస్థానానిదవుతుంది. అడవి మనిషికి మిగిలింది చుట్టరికం. అల్లుడని పిలుచుకునే హక్కు ఇచ్చారు, అల్లుడు కూర్చున్న నేల ఎవరిదని ఏ కవీ అడగలేదు. 1882 చట్టం హక్కును రాయితీగా మార్చింది. మన కావ్యం అంతకు ముందే దాన్ని బంధుత్వంగా మార్చి ఉంచింది.

నేను బడిలో తిన్నడి కథ చెప్పిన ఒక రోజు గుర్తొస్తోంది. తండా నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి, ‘సార్, ఇప్పుడైతే తిన్నణ్ణి ఫారెస్టోళ్లు పట్టుకుంటరు గదా?’ అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు మింగుడు పడలేదు. పద్యంలో వేటగాణ్ణి పూజిస్తాం, అడవిలో కేసు పెడతాం. ఈ వైరుధ్యం ఆ పిల్లవాడికి కనిపించింది. ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన నాకు కనిపించలేదు.

మన అభ్యుదయ సాహిత్యం ఈ విషయంలో ఎంత ముందుకు వచ్చింది? అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ వంటి నవల ఆదివాసిని చరిత్ర నిర్మాతగా నిలబెట్టింది. అది చిన్న విజయం కాదు. కాని మొత్తం మీద మనం అడవిని రెండు విధాలుగానే చూశాం. ఒకటి పోరాట స్థావరంగా, రెండు పంచవలసిన భూమిగా. ఈ రెండు చూపులూ చరిత్ర ఇచ్చినవే, వాటిని నేను తోసిపుచ్చడం లేదు. వాటిలో పట్టని మూడవది ఒకటి ఉందని మాత్రమే అంటున్నాను. తాత నడిచిన బాటలో నడవడం, ఆ బాట పేరు పిల్లలకు చెప్పడం, ఆ చెట్టు కింద ఆ రోజున ఆ దేవతను పిలవడం కూడా ఒక సమాజపు ఉనికిలో భాగమే. అది పోతే తిండి దొరికినా జాతి మిగలదు. పులుల అడవి లోపలి నుంచి స్వచ్ఛందంగా బయటకు వచ్చే కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 2021లో పది లక్షల నుంచి పదిహేను లక్షల రూపాయలకు పెంచారు. బడి, ఆస్పత్రి, రోడ్డు కావాలని వెళ్లేవారిని తప్పుపట్టే హక్కు మైదానంలో ఉన్న మనకు లేదు. 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ముందు హక్కులు గుర్తించాలి, ఆ పైన గ్రామసభ తెలిసి ఒప్పుకోవాలి. ఆ ఒప్పంద పత్రంలో ఇల్లు ఉంటుంది, సొమ్ము ఉంటుంది. తిరిగి వచ్చి మైసమ్మను చూసుకునే దారి అందులో ఉందా? ఆ పత్రాన్ని చదివే ప్రతివాడూ అడగవలసిన ప్రశ్న ఇది.

మన మిత్రుల్లో కొందరికి ఒక సందేహం కలగవచ్చు. దేవుడినీ జాతరనూ సమర్థించడం అభ్యుదయ రచయిత పనేనా, మూఢవిశ్వాసాలకు మద్దతు ఇచ్చినట్టు కాదా అని. ఇది తేలిగ్గా తీసివేయవలసిన ప్రశ్న కాదు. సలేశ్వరం జాతరకు వచ్చే వేలమందిలో చెంచులు కొద్దిమందే. మైదానపు భక్తి ఆ లోయలోకి ప్లాస్టిక్కునూ తొక్కిసలాటనూ మోసుకువెళుతోంది. అటవీ శాఖ ఆంక్షలకు అది ఒక కారణం కూడా. కాబట్టి జాతరను కీర్తించడం నా ఉద్దేశం కాదు. లింగమయ్య ఉన్నాడా లేడా అన్నది కూడా ఇక్కడ ప్రశ్న కాదు. ఆ గుహకు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ప్రశ్న. ఇన్ని వేలమంది రావాలా, ఎన్ని రోజులు రావాలి, ఏ బాటన రావాలి అని నిర్ణయించే కుర్చీలో చెంచు గ్రామసభ కూర్చుంటే, అది భక్తి విషయం కాదు, అధికారం విషయం. పులి విషయంలోనూ అంతే. చెంచులు, పులులు కలిసి బతికిన అడవి గనుకనే దాన్ని పులుల అడవిగా ప్రకటించడానికి వీలయింది.

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలు ‘దున్నేవానికే భూమి’ అని తెలుగు నేలకు ఒక నినాదం ఇచ్చాయి. దాన్ని వదులుకోమని ఎవరూ అనరు, అనకూడదు. కాని ఏ నినాదమైనా తాను పుట్టిన పొలం గట్టు దాటి చూసినప్పుడే పెరుగుతుంది. సాగర్ నీటితో పండిన అన్నం తినే మనం ఆ నీటి ఒడ్డున ఉన్న మనిషికి భూమి అంటే ఏమిటో తెలుసుకోవలసిన బాకీ ఉంది. రచయితలు ఆ బాకీ తీర్చడానికి నల్లమలకు వెళ్లి పాటలు సేకరించి రావడం చాలదు. బాటల పేర్లు అడగాలి. ఏ బాట ఏ సంవత్సరంలో ఎవరు మూశారో అడిగి రాయాలి. ఆవాస హక్కును కోరే కాగితానికి రేపు సాక్ష్యాలు కావలసివస్తే, ఆ పేర్లే సాక్ష్యాలవుతాయి.